లారీ ఇంజన్ స్వయంబోధిని – 4వ పాఠం: నీలి పొగ

చాంబరులోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) ఆయిల్, పంపు ద్వారా బేరింగులకు, అక్కడి నుంచి పైన రాకర్ల (వాల్వులను తెరిచే మీటల) దాకా ఎలా వెళ్తుందో, తిరిగి ఎలా కిందికి దిగుతుందో గత పాఠంలో చూశాం. ఆ ఆయిల్ దారి తప్పి సిలిండర్లోకి చేరితే డీజిల్‌తో పాటు కాలి నీలి పొగగా బయటికి వస్తుంది. అది ఎక్కడ దారి తప్పిందో ఇంజన్ విప్పకుండా కనిపెట్టడమే ఈ పాఠం.

మన వైపు ఒక్క లారీ మీదే ఇల్లు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. భూపాలపల్లి బొగ్గు, కరీంనగర్ గ్రానైటు, గోదావరి ఇసుక, ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి, మిర్చి: వీటిలో చాలా భాగం ఇలాంటి పాత బండ్ల మీదే కదులుతుంది. బండి నీలి పొగ వదలడం మొదలుపెట్టగానే షెడ్డులో వినిపించే మొదటి మాట, "బోరు పోయింది, ఇంజన్ దించాల్సిందే." అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిందని. ఆ మాట నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి. అయితే మూసుకుపోయిన బ్రీదర్ పైపు (చాంబరులోని వాయువు బయటికి పోయే గొట్టం), దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్, గేజి కడ్డీ గీతకు మించి పోసిన ఆయిల్ కూడా అదే పొగను ఇస్తాయి. వీటిని చూడకుండా ఇంజన్ దించితే యజమాని అప్పుల పాలవుతాడు, పొగ మాత్రం కొన్నాళ్లకే మళ్లీ మొదలవుతుంది. అందుకే ఈ పాఠాన్ని కొంచెం ఓపికగా చదవమని అడుగుతున్నాను.

ముందు అది నీలి పొగేనా?

నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువైంది లేదా గాలి తక్కువైంది. తెల్ల పొగ అంటే డీజిల్ సరిగా కాలలేదు, లేదంటే రేడియేటర్ నీళ్లు సిలిండర్లోకి వస్తున్నాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చిక్కంతా తెలుపుకూ నీలానికీ మధ్య వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ చలికి తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే మంచి ఇంజన్ కూడా నీలి ఛాయ ఉన్న తెల్ల పొగ వదులుతుంది. అది కాలని డీజిలే, ఇంజన్ వేడెక్కగానే పోతుంది.

పొగను ఎక్కడ నిలబడి చూస్తున్నారన్నది కూడా ముఖ్యమే. ఆయిల్ పొగలో ఉండేవి అతి సన్నని నూనె తుంపరలు. వెనుక చెట్ల నీడో, నల్లటి గోడో ఉంటే అవి నీలంగా కనిపిస్తాయి. అదే పొగను వెలుతురు నిండిన ఆకాశానికి ఎదురుగా చూస్తే గోధుమ రంగులో ఉన్నట్లు అనిపిస్తుంది. ఒకే బండి గురించి డ్రైవరు ఒక రంగు, క్లీనరు ఇంకో రంగు చెప్పడానికి చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి సూర్యుడు మీ వెనుక ఉండేలా, పొగ వెనుక ముదురు రంగు ఉండేలా నిలబడి చూడండి.

రంగు మీద అనుమానం తీరకపోతే కాగితం పరీక్ష చేయండి. ఒక తెల్ల కాగితాన్ని కర్రకు కట్టి, సైలెన్సర్ గొట్టానికి ఒక అడుగు దూరంలో ఒక నిమిషం పాటు పట్టుకోండి. మామూలు మసి అయితే పొడిగా అంటుకుంటుంది, వేలితో రాస్తే పొడిలా లేస్తుంది. డీజిల్ తడి అయితే కాసేపు ఎండలో పెడితే చాలావరకు ఆరిపోతుంది, వాసన కళ్లు మండేలా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ అయితే చిన్న చిన్న జిడ్డు చుక్కలు పడతాయి. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ చుక్కల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. మర్నాడు చూసినా అవి అలాగే ఉంటాయి. ఆ కాగితం మీద తేదీ వేసి దాచుకోండి, మరమ్మతు అయ్యాక పోల్చి చూసుకోవచ్చు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఇంజన్ బాగున్నట్లే అనుకోవద్దు. ఆ యంత్రం పొగ చిక్కదనాన్ని కొలుస్తుంది, రంగును కాదు. బీఎస్-4 అనే పొగ నియమాలకు ముందు తరం లారీకి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల (పొగ చిక్కదనం కొలత) దాకా అనుమతి ఉంది. పలుచని నీలి పొగ వదిలే బండి ఆ పరీక్షలో సులువుగా గట్టెక్కుతుంది.

ఎంత తింటోంది?

"బండి ఆయిల్ తింటోంది" అనే మాట మెకానిక్‌కు చాలదు. ఎంత అన్నది లెక్క కావాలి. బండిని సమతలం మీద నిలిపి, ఇంజన్ ఆపిన పావుగంట తర్వాత గేజి కడ్డీ చూడాలి. పొద్దున స్టార్ట్ చేయకముందు చూస్తే ఇంకా మంచిది. ప్రతిసారీ అదే వేళకు, వీలైతే అదే చోట చూడండి. మీ బండి గేజిలో కింది గీతకూ పై గీతకూ మధ్య ఎన్ని లీటర్లు పడతాయో ఆయిల్ మార్చేటప్పుడు కొలిచి పెట్టుకోండి. ఇంజన్‌ను బట్టి ఆ కొలత మారుతుంది.

ఇక లెక్క. ఆయిల్ ఖర్చును కిలోమీటర్లతో కంటే డీజిల్‌తో పోల్చడం మేలు. ఎక్కువ లోడుతో, ఎక్కువసేపు స్లోలో (బండి నిలిచి, ఇంజన్ మాత్రం తిరుగుతూ) నడిచిన బండికి కిలోమీటర్లు తక్కువ చూపుతాయి కానీ ఇంజన్ చేసిన పని ఎక్కువ. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ 1000 కిలోమీటర్లకు 250 లీటర్ల డీజిల్ తాగుతుంది. అందులో నూటికి ఒక వంతు రెండున్నర లీటర్లు. పాత ఇంజన్ నూరు లీటర్ల డీజిల్‌కు అర లీటరు లోపు ఆయిల్ తింటుంటే నేను దాని జోలికి వెళ్లను. ఒక లీటరు దాటితే కారణం వెతకాల్సిందే. ఈ రెంటికీ మధ్య ఉంటే లెక్క రాస్తూ, పెరుగుతోందా లేదా అన్నది గమనించాలి.

ఇక్కడ ఒక మోసం ఉంది. గేజిలో మట్టం తగ్గకపోయినా ఆయిల్ కాలుతూ ఉండవచ్చు. చాలా పాత లారీల్లో వరుస పంపుకు (నాజిళ్లకు డీజిల్ కొట్టే పంపుకు) ఇంజన్ ఆయిలే అందుతుంది. పంపు లోపలి ఎలిమెంట్లు (డీజిల్‌ను నెట్టే చిన్న పిస్టన్లు) అరిగితే డీజిల్ ఆ ఆయిల్‌లో కలిసి చాంబరులోకి దిగుతుంది. పైన కాలిపోయినంత కింద చేరుతుంటే గేజి కదలదు. అందుకే కడ్డీ మీది ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది చూడాలి, వాసన చూడాలి. పలుచగా జారిపోతూ డీజిల్ వాసన వస్తే ముందు పంపు సంగతి తేల్చాలి. పలుచబడిన ఆయిల్ రింగులను (పిస్టన్ చుట్టూ ఉండే వలయాలను) సులువుగా దాటుతుంది, బేరింగులనూ తినేస్తుంది.

మట్టం గీతకు పైన ఉన్నా చేటే. తగ్గుతుంది కదా అని ముందే రెండు లీటర్లు ఎక్కువ పోసే అలవాటు చాలామంది డ్రైవర్లకు ఉంది. క్రాంకు (పిస్టన్ల కింద తిరిగే ఇరుసు) ఆ ఆయిల్‌ను చిలికి లైనర్ల (సిలిండర్ లోపలి గోడల) మీదికి విసురుతుంది. రింగులు తుడవగలిగిన దానికి మించి పడితే మిగిలింది కాలుతుంది. మట్టాన్ని గీతకు తెచ్చి వారం పాటు చూడండి. దీనికి ఖర్చేమీ లేదు.

పొగ ఎప్పుడు వస్తోంది?

ఈ పాఠం మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది ఈ ప్రశ్ననే. పొగ వచ్చే సమయమే ఆయిల్ వచ్చే దారిని చెబుతుంది. డ్రైవరును కూర్చోబెట్టి తొందరపెట్టకుండా అడగండి. బండి మీద వారాల తరబడి ఉన్న మనిషికి తెలిసినంత ఏ గేజికీ తెలియదు.

పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని వచ్చి, ఒకటి రెండు నిమిషాల్లో పోతే వాల్వ్ గైడ్లనూ (వాల్వు కాడ జారే గొట్టాలనూ), వాటి సీళ్లనూ అనుమానించాలి. రాత్రంతా పైనుంచి ఆయిల్ గైడు వెంట చుక్క చుక్కగా దిగి పిస్టన్ మీద చేరుతుంది, మొదటి మంటలకే కాలిపోతుంది. చలికాలపు కాలని డీజిల్ కూడా ఇదే వేళకు వస్తుంది కాబట్టి, ఇక్కడ కాగితం పరీక్ష తప్పనిసరి.

మార్కెట్ గేటు దగ్గరో, జిన్నింగు మిల్లు దగ్గరో గంటసేపు ఇంజన్ ఆపకుండా వరుసలో నిలబడి, కదిలేటప్పుడు దట్టంగా వదిలి కిలోమీటరు దాటాక తగ్గిపోతే గైడ్లు కావచ్చు, టర్బో (ఇంజన్లోకి గాలిని నెట్టే పంకా) కావచ్చు. స్లోలో టర్బో తక్కువ వేగంతో తిరుగుతుంది, దాని లోపలి గాలి పీడనం పడిపోతుంది. ఆ పీడనం లేనప్పుడు ఆయిల్ సీలు దాటి గాలి పైపులో చేరుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే అదంతా ఇంజన్లోకి వెళ్లి కాలుతుంది.

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ లాంటి చోట లోడుతో ఎక్కుతున్నప్పుడు ఆగకుండా నీలి పొగ వస్తూ, ఎత్తు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంటే చూపు రింగులు, లైనర్ల వైపు తిప్పాలి. అప్పుడు సాధారణంగా బండి లాగుడు కూడా తగ్గి ఉంటుంది, చలికి స్టార్టింగ్ కష్టమవుతుంది.

దిగువకు వచ్చాక యాక్సిలరేటర్ తొక్కగానే పొగ గుప్పుమంటే గైడ్లే అని తేల్చేసేవాళ్లు ఉన్నారు. అది పెట్రోలు కారుకు చెల్లే సూత్రం. పెట్రోలు ఇంజన్లో కాలు తీస్తే గాలి దారి మూసుకుపోతుంది, లోపల బలమైన పీల్పు పుట్టి గైడ్ల నుంచి ఆయిల్‌ను లాగుతుంది. మన డీజిల్ లారీకి అలా మూసే తలుపు లేదు, అంత పీల్పు పుట్టదు. దిగుడులో మంట ఉండదు కాబట్టి రింగుల నుంచో, టర్బో నుంచో వచ్చిన ఆయిల్ కూడా కాలకుండా పేరుకుని, తొక్కినప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. ఈ ఒక్క గుర్తుతో హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) దించవద్దు.

రెంచీతో అయ్యే పరీక్షలు

ఎయిర్ ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. దుమ్ముతో మూసుకుపోతే ఇంజన్ గాలి కోసం బలంగా పీలుస్తుంది. ఆ పీల్పు గైడ్ల నుంచి, టర్బో సీలు నుంచి ఆయిల్‌ను లోపలికి లాగుతుంది. మీ బండికి పాత ఆయిల్ బాత్ ఫిల్టర్ (గాలిలోని దుమ్మును గిన్నెలోని ఆయిల్‌తో పట్టేది) ఉంటే దాని గిన్నెలో గీత దాకానే ఆయిల్ ఉండాలి. ఎక్కువ పోస్తే అది నేరుగా ఇంజన్లోకే పోయి నీలి పొగ అవుతుంది. రింగుల దోషం ఏమీ లేకుండానే బండి పొగ చిమ్ముతుంది.

ఫిల్టర్ తర్వాత ఇంజన్ దాకా వెళ్లే రబ్బరు గొట్టాన్ని విప్పి, లోపలి వైపు తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు గరుకు దుమ్ము అంటితే అదే అసలు దొంగ. గొట్టం పగుళ్ల నుంచో, వదులైన క్లిప్పు నుంచో దుమ్ము ఫిల్టర్‌ను తప్పించుకుని వెళ్తోందని అర్థం. గ్రానైటు పొడి, బొగ్గు పొడి రింగులనూ లైనర్లనూ అరగదీసే తీరు చూస్తే బాధ వేస్తుంది. ఈ గొట్టం మార్చకుండా కొత్త రింగులు వేసి ప్రయోజనం లేదు.

తర్వాత బ్రీదర్. ఎంత మంచి ఇంజన్లోనైనా కాలిన వాయువు కొంత రింగులు దాటి చాంబరులోకి దిగుతుంది. అది బయటికి పోయే దారి బ్రీదర్. ఆ పైపు మడ్డితో పూడినా, నలిగినా చాంబరులో పీడనం పెరుగుతుంది. అప్పుడు ఆయిల్‌కు ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి పారిపోతుంది. టర్బో నుంచి చాంబరుకు ఆయిల్ తిరిగి దిగే పైపు కూడా ఆ పీడనానికి ఎదురు తన్నుతుంది. ఆయిల్ దిగలేక సీలు దాటి గాలి పైపులోకి పోతుంది. టర్బో మార్చాక కూడా పొగ తగ్గలేదంటూ ఒక బొగ్గు లారీని తెచ్చారు. బ్రీదర్ పైపు విప్పి ఊదితే గాలి వెళ్లలేదు. లోపల ఆయిల్, బొగ్గు పొడి కలిసి గట్టిపడిన బిరడా ఒకటి ఉంది. దాన్ని తీసి, టర్బో డ్రెయిన్ పైపు కడిగి పంపితే కొద్ది రోజుల్లో పొగ ఆగింది. కొత్త టర్బోకు పెట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

బ్రీదర్ శుభ్రంగా ఉన్నాక ఇంజన్ వేడి చేసి స్లోలో ఉంచి, ఆయిల్ పోసే మూతను తిప్పి బోర్లా పెట్టి చూడండి. కాస్త ఊగితే ఫరవాలేదు. ఎగిరి పడిపోతే, బ్రీదర్ నుంచి పొగ గుప్పులు గుప్పులుగా కొడుతుంటే రింగుల నుంచి వాయువు ఎక్కువగా దిగుతోందన్న మాట. కొన్ని ఇంజన్లలో మూత మామూలుగానే ఎగిరెగిరి పడుతుంది కాబట్టి, అదే తరహా మంచి బండితో పోల్చకుండా తీర్పు చెప్పవద్దు.

టర్బో ఉన్న బండి అయితే ఇంజన్ చల్లారాక టర్బోకు రెండు వైపులా గాలి పైపులు తీయండి. టర్బోకు ముందే పైపులో ఆయిల్ ఉంటే అది టర్బో తప్పు కాదు, బ్రీదర్ నుంచో ఆయిల్ బాత్ నుంచో వస్తోంది. ముందు పొడిగా ఉండి, తర్వాతి పైపులో వంచితే కారేంత ఆయిల్ ఉంటే టర్బోను అనుమానించవచ్చు. సన్నని జిడ్డు పూత ఉన్నంత మాత్రాన కంగారు పడవద్దు. షాఫ్టును వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపితే కొద్దిగా ఊగడం సహజం. ముందుకు వెనక్కు చేతికి తెలిసేలా కదిలినా, రెక్కలు గోడను తాకినా దాని పని అయిపోయినట్లే.

ఆయిల్ తగ్గుతోంది కానీ పొగ లేదా? అయితే ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ తిప్పండి. నీళ్లతో పాటు జిడ్డు మడ్డి వస్తే ఆయిల్‌ను తింటున్నది బ్రేకు కంప్రెసర్. అది సైలెన్సర్ వైపు రాదు, బ్రేకు వాల్వులను పాడుచేస్తుంది.

ఏ సిలిండర్?

ఇంతవరకు ఏదీ దొరకకపోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డు (అన్ని సిలిండర్ల పొగను ఒక గొట్టంలోకి చేర్చే భాగం) విప్పాలి. తుప్పు పట్టిన స్టడ్డులు విరుగుతాయి కాబట్టి ముందు రోజు రాత్రే వాటికి తుప్పు వదిలించే నూనె పట్టించండి. విప్పేముందు ఇంజన్‌ను పావుగంట స్లోలో నడిపి, తాకగలిగేంత చల్లారనివ్వండి. ఇప్పుడు టార్చి వేసి ఒక్కో రంధ్రం చూడండి. టాటా 697 లాంటి ఆరు సిలిండర్ల ఇంజన్ అయితే ఆరు రంధ్రాలు పక్కపక్కనే కనిపిస్తాయి. బాగున్న సిలిండర్ రంధ్రం పొడిగా, మసిబారి ఉంటుంది. ఆయిల్ తినే సిలిండర్ రంధ్రం తడిగా నల్లగా మెరుస్తుంది, వేలు పెడితే జిగురు అంటుతుంది.

ఆరూ ఒకేలా తడిగా ఉంటే రెండే అవకాశాలు: అన్నిటికీ ఉమ్మడిగా గాలి వచ్చే దారిలోనే ఆయిల్ ఉంది, లేదా ఇంజన్ మొత్తం సమానంగా అరిగింది. ఒకటో రెండో మాత్రమే తడిగా ఉంటే అక్కడ రింగు విరిగి ఉండవచ్చు, లైనరు గీరుకుపోయి ఉండవచ్చు, గైడు వదులై ఉండవచ్చు. ఆ సిలిండర్ నాజిల్ (డీజిల్ చిమ్మే ముక్కు) తీసి కొన చూడండి. నాజిల్ పొడిగా ఉండి, ఎగ్జాస్ట్ వాల్వు కాడ మాత్రం తడిగా ఉంటే ఆయిల్ లోపల కాలడం లేదు, ఎగ్జాస్ట్ గైడు నుంచి నేరుగా రంధ్రంలోకి దిగుతోంది. దానికి హెడ్ పని చాలు, బోరు జోలికి వెళ్లక్కర్లేదు.

కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లో గాలి ఎంత నొక్కుకుంటుందో కొలవడం) కూడా చేయండి, కానీ దాని హద్దు తెలుసుకుని చేయండి. ఇంజన్ వేడిగా, బ్యాటరీ నిండుగా ఉండాలి, టాపెట్ క్లియరెన్స్ (వాల్వుకూ రాకరుకూ మధ్య సందు) సరిచూసి ఉండాలి. నాజిళ్లన్నీ తీసి, డీజిల్ కట్ చేసి తిప్పాలి. సిలిండర్ల మధ్య తేడా నూటికి 10–15 మించకూడదు, అసలు అంకె ఎంత ఉండాలో కంపెనీ మాన్యువల్ చెబుతుంది. అయితే కంప్రెషన్ బాగుందంటే ఆయిల్ తినడం లేదని కాదు. గాలిని ఆపేది పై రింగులు. ఆయిల్‌ను తుడిచేది కింది స్క్రేపర్ రింగు, దోసెల పెనం మీద నూనెను గుడ్డతో తుడిచినట్లు. ఆ రింగు మసితో గాడిలో ఇరుక్కుపోతే కంప్రెషన్ నిక్షేపంగా ఉంటుంది, ఆయిల్ మాత్రం పైకి పోతుంది. పైగా సిలిండర్లో చేరిన ఆయిల్ సందులను మూసి అంకెను పెంచి చూపుతుంది. పెట్రోలు ఇంజన్లకు చేసినట్లు సిలిండర్లో ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పద్ధతిని డీజిల్ ఇంజన్ మీద చేయవద్దు. పిస్టన్ పైన ఉండే చోటు చాలా తక్కువ. ఆయిల్ నిండితే అది నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గదా అని అడుగుతారు. 15డబ్ల్యూ-40 బదులు 20డబ్ల్యూ-50 పోస్తే కొంత తగ్గవచ్చు. పత్తి సీజన్ గడిచేదాకా బండి ఆపలేని మనిషికి అది అర్థమయ్యే నిర్ణయమే. కానీ దాన్ని మరమ్మతుగా లెక్కించవద్దు. పొగ ఆపే మందులంటూ అమ్మే డబ్బాల మీద నాకు నమ్మకం లేదు.

ఒక ప్రమాదం గురించి చెప్పకుండా ముందుకు పోకూడదు. టర్బో సీలు పూర్తిగా పోయినా, ఆయిల్ బాత్ పొంగినా ఇంజన్ తన ఆయిల్ తానే తాగి నడవడం మొదలుపెడుతుంది. వేగం దానంతట అదే పెరుగుతుంది, స్టాప్ కేబుల్ లాగినా ఆగదు. బండి నడుస్తుంటే పెద్ద గేరులో ఉంచి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపాలి. షెడ్డులో అయితే గాలి దారిని చెక్క పలకతోనో, ఇనుప రేకుతోనో మూయాలి. చెయ్యి గానీ గుడ్డ గానీ అడ్డం పెట్టవద్దు, లోపలికి లాగేస్తుంది. ఈ పాఠంలో గాలి పైపు విప్పి ఇంజన్ నడిపే ప్రతిసారీ ఆ పలక చేతికి అందే చోట ఉండాలి. షెడ్డు తలుపులు తెరిచి, చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టాకే స్టార్ట్ చేయండి.

అభ్యాసం

ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: తేదీ, పోసిన డీజిల్, పోసిన ఆయిల్, పొగ ఎప్పుడు వచ్చింది. నెల రోజులు డ్రైవరు చేతే రాయించండి. ఎయిర్ ఫిల్టర్, బ్రీదర్, ఆయిల్ మట్టం ఈ వారమే సరిచేసి, ఆ తేదీ కింద గీత గీయండి. గీతకు ముందూ తర్వాతా లెక్క మారితే మీ జవాబు అక్కడే ఉంది. మారకపోతే మానిఫోల్డు విప్పి, ఏ రంధ్రం తడిగా ఉందో సిలిండర్ నంబరుతో రాసుకోండి. 5వ పాఠంలో ఆ సిలిండర్ హెడ్ దించి బోర్ గేజితో లైనరు అరుగుదలను, ఫీలర్ గేజితో రింగు సందును కొలుద్దాం. ఆ రెండు గేజిలూ సిద్ధం చేసుకోండి.